ఇంజిన్ ఆగాక మూడు నిమిషాలు: చిన్న విమానం పొలంలో ఎలా దిగుతుంది?

క్లుప్తంగా: గాల్లో ఇంజిన్ ఆగిన చిన్న విమానం రాయిలా పడిపోదు, ఏటవాలుగా కిందికి జారుతుంది. ఎంత దూరం జారుతుందన్నది అప్పుడున్న ఎత్తును బట్టి ఉంటుంది. ప్రాణం తీసేది చాలాసార్లు ఇంజిన్ ఆగడం కాదు, ఆ తర్వాత కంగారులో వేగం పోగొట్టుకోవడం. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ నేలల్లో దిగడానికి పనికొచ్చే జాగా నెలనెలకూ మారుతుంది. జూలైలో నమ్మకూడని పొలమే మే నెలలో అక్కరకొస్తుంది.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న పాత ఒప్పందం అడ్డు తొలగింది. నిజాం కాలంలో కట్టి, దశాబ్దాలుగా రాకపోకలు లేకుండా పడి ఉన్న రన్‌వేను సుమారు 1.8 కిలోమీటర్ల నుంచి 2.8 కిలోమీటర్లకు పెంచాలన్నది ప్రణాళిక. అదే ఏడాది జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా బోయింగ్ 787 ఎగిరిన అర నిమిషానికే కూలి, కింద ఉన్నవాళ్లతో కలిపి 260 మంది చనిపోయారు. రెండు ఇంజిన్లున్న అంత పెద్ద విమానానికే ఆ గతి పడితే, ఒక్క ఇంజిన్‌తో ఎగిరే చిన్న విమానం మాటేమిటన్న అనుమానం చాలామందికి వచ్చింది.

తెలంగాణలో ఈ అనుమానానికి ఇంకో కారణమూ ఉంది. 2019 అక్టోబర్‌లో వికారాబాద్ జిల్లాలో, 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లాలో, 2023 డిసెంబర్‌లో మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర శిక్షణ విమానాలు కూలాయి. మొదటి రెండూ పౌర శిక్షణకు వాడే సెస్నాలు, మూడోది వైమానిక దళానికి చెందిన పిలాటస్. ఈ మూడింటికీ ఇంజినే కారణమని చెప్పడం కాదు. కానీ చిన్న విమానం కూలిందన్న వార్త రాగానే "ఇంజిన్ ఆగిపోయిందట" అనే మాట ముందు పుడుతుంది. అసలు ఇంజిన్ ఆగితే ఏం జరుగుతుందో తెలిస్తే అలాంటి వార్తను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

పడదు, జారుతుంది

విమానాన్ని గాల్లో మోసేది ఇంజిన్ కాదు, రెక్కలు. రెక్కల మీదుగా గాలి తగినంత వేగంగా పారుతున్నంతసేపు అవి బరువును మోస్తూనే ఉంటాయి. ఇంజిన్ పని విమానాన్ని ముందుకు లాగి ఆ గాలి వేగాన్ని నిలబెట్టడం. ఇంజిన్ ఆగితే ఆ పని భూమ్యాకర్షణ చేయాలి. ముక్కు కొద్దిగా కిందికి వంచితే విమానం తన ఎత్తును ఖర్చు పెట్టి వేగాన్ని కొనుక్కుంటుంది. దిగుడు రోడ్డు మీద పెడల్ తొక్కకపోయినా సైకిల్ సాగిపోతున్నట్టే. తేడా ఒక్కటే, గాల్లో దిగుడు అయిపోయిన చోటే ప్రయాణమూ అయిపోతుంది.

ఫ్లయింగ్ క్లబ్బుల్లో బాగా కనిపించే నాలుగు సీట్ల సెస్నా 172నే తీసుకుంటే, ఇంజిన్ లేకుండా ఒక అడుగు ఎత్తు కోల్పోయేలోపు సుమారు 9 అడుగులు ముందుకు పోతుంది. అయితే ఒక నిర్దిష్ట వేగంలో ఉంచితేనే ఈ లెక్క. మోడల్‌ను బట్టి అది 65 నుంచి 68 నాట్లు, అంటే గంటకు 120 నుంచి 126 కిలోమీటర్లు. రెండు సీట్ల సెస్నా 152కు 60 నాట్లు. ఈ వేగానికి మించి పోతే గాలి నిరోధం ఎత్తును తినేస్తుంది. తగ్గినా నష్టమే. రన్‌వే అందేలా లేదనిపించినప్పుడు ముక్కు పైకెత్తి ఇంకాస్త సాగదీద్దామని చెయ్యి దానంతటదే వెనక్కి లాగుతుంది. అలా లాగినకొద్దీ విమానం దగ్గరలోనే దిగిపోతుంది. ఇంకా లాగితే రెక్కల మీద గాలి పారడం చెదిరి, మోసే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది. దాన్నే స్టాల్ అంటారు. విమానం నిజంగా పడిపోయేది అప్పుడే.

ఆకాశంలో చాలా ఎత్తున ఇంజిన్లు ఆగిన పెద్ద విమానాలు క్షేమంగా దిగిన సందర్భాలు ఉన్నాయి. 1983 జూలైలో కెనడాలో పౌండ్లు, కిలోల లెక్క తారుమారై మధ్యలోనే ఇంధనం అయిపోయిన బోయింగ్ 767 గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దిగింది. 2001 ఆగస్టులో ఎయిర్ ట్రాన్సాట్ ఎయిర్‌బస్ అట్లాంటిక్ మీద రెండు ఇంజిన్లూ ఆగాక దాదాపు 120 కిలోమీటర్లు జారుతూ పోయి అజోర్స్ దీవుల్లో దిగింది. అహ్మదాబాద్ విమానం చేరిన ఎత్తు కొన్ని వందల అడుగులు మాత్రమే. టేకాఫ్ అయిన కొన్ని సెకన్లకే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ ఆగే స్థానానికి మారినట్టు ప్రాథమిక నివేదిక చెప్పింది. ఆ మూడు సందర్భాల్లోనూ ఇంజిన్లకు ఇంధనం అందలేదు. బతకడానికి వాడుకునే ఎత్తు మాత్రం మొదటి రెండింటికే ఉంది.

ఇంజిన్ ఎందుకు ఆగుతుంది

చిన్న విమానాల ఇంజిన్లు పాత పద్ధతివి. అది లోపమేమీ కాదు. ప్రతి సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వ అందించడానికి రెండు వేర్వేరు మాగ్నెటోలు ఉంటాయి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే లోపలి భాగాలు విరిగి ఆగడం కంటే, ఇంధనమో గాలో సరిగా అందక ఆగడం గురించే శిక్షణలో ఎక్కువగా చెబుతారు.

ఇంధనం అయిపోవడం వినడానికి వింతగా ఉంటుంది కానీ జరుగుతూనే ఉంటుంది. చిన్న విమానాల్లో ఇంధనం మీటరును పైలట్లు పెద్దగా నమ్మరు. రెక్క మీది మూత తీసి, కొలత గీతలున్న పుల్లను ట్యాంకులో ముంచి చూస్తారు. ట్రాక్టర్ డీజిల్ ట్యాంకులో పుల్ల పెట్టి చూసినట్టే. కొన్ని విమానాల్లో ఎడమ ట్యాంకు, కుడి ట్యాంకు వేర్వేరుగా మార్చుకోవాలి. మార్చడం మరిచిపోతే పక్క ట్యాంకు నిండుగా ఉండగానే ఇంజిన్ ఆగుతుంది. ఇక నీళ్లు. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి తేమ చుక్కలుగా మారి అడుగుకు చేరుతుంది. ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి కొద్దిగా ఇంధనాన్ని పారదర్శకమైన గ్లాసులోకి పట్టి వెలుతురులో చూస్తారు. విమాన పెట్రోలుకు లేత నీలం రంగు కలిపి ఉంటుంది. అడుగున రంగులేని బుడగ కనిపిస్తే అది నీరు. అది పోయేదాకా వంపుతూనే ఉండాలి.

అన్నిటికంటే చిత్రమైనది, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్‌లో గడ్డకట్టే మంచు. ఎండలకు పేరుపడ్డ ఓరుగల్లులో ఇంజిన్‌లో మంచేమిటని అనిపించవచ్చు. హోటల్లో పెద్ద మంట మీద గంటల తరబడి వాడిన గ్యాస్ సిలిండర్‌కు అడుగున తెల్లగా మంచు పట్టడం చాలామంది చూసే ఉంటారు. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఆవిరి కావడం, ఇరుకు గొట్టంలో గాలి పీడనం తగ్గడం రెండూ కలిసి లోపలి ఉష్ణోగ్రతను 30 డిగ్రీలకు పైగా పడగొట్టగలవు. బయట 20 డిగ్రీలుండి, గాల్లో తేమ బాగా ఉంటే చాలు. డిసెంబర్ పొద్దుటి పూట, ముసురు పట్టిన ఆగస్టులో ఇక్కడ ఆ పరిస్థితి మామూలే. దిగడానికి ఇంజిన్ శక్తి తగ్గించినప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ.

దీని లక్షణం నెమ్మదిగా బయటపడుతుంది. ఇంజిన్ చప్పుడు కొద్దిగా మందగిస్తుంది, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు ముల్లు యాభై, వంద చొప్పున కిందికి జారుతుంది. మందు డ్యాష్‌బోర్డులోనే ఉంది, వేడిగాలి లోపలికి వదిలే నాబ్. దాన్ని లాగితే మంచు కరిగి నీళ్లు ఇంజిన్‌లోకి పోతాయి. దాంతో కొన్ని సెకన్లు ఇంజిన్ ముందుకంటే ఘోరంగా దగ్గుతుంది. కొత్త పైలట్ భయపడి నాబ్‌ను వెనక్కి నెట్టేస్తే, తగ్గబోయే జబ్బు మళ్లీ మొదటికొస్తుంది. ఓపిక పట్టాల్సిన ఆ పది, పదిహేను సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. సెస్నా 172 కొత్త మోడళ్లలో కార్బ్యురేటర్ లేదు, ఇంధనాన్ని నేరుగా చిమ్మే ఏర్పాటు ఉంది కాబట్టి ఈ బాధ లేదు. 152లో ఉంది.

ఇంజిన్ పూర్తిగా ఆగడం కంటే సగం సగం పనిచేయడం తరచుగా ఎదురవుతుంది. టేకాఫ్ తర్వాత శక్తి కొంత పోవడం, పూర్తిగా పోవడం కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ 2000 నుంచి 2010 వరకు జరిగిన ఘటనల లెక్కతో చెప్పింది. పూర్తిగా ఆగితే ఇంకో దారి లేదని మనసు ఒప్పుకుంటుంది. సగం ఇంజిన్ మాత్రం ఆశ పెడుతుంది. ఇంకో రెండు కిలోమీటర్లు లాగుతుందేమోనని ఆ ఆశతో మంచి పొలాలను దాటేసి, ఇళ్ల మీదికి వచ్చాక అది కూడా ఆగిపోయే సందర్భాలే ఎక్కువ ప్రమాదకరం.

జనగామ దాటాక ఇంజిన్ ఆగితే

ఊహించి చూద్దాం. హైదరాబాద్ వైపు నుంచి వరంగల్ వస్తున్న ఒక సెస్నా 172, జనగామ దాటి స్టేషన్ ఘన్‌పూర్ వైపు సాగుతోంది. ఆల్టిమీటర్ 3500 అడుగులు చూపిస్తోంది. అది సముద్రమట్టం నుంచి లెక్క. ఈ ప్రాంతంలో నేలే సుమారు 1200 అడుగుల ఎత్తులో ఉంది. అంటే విమానం కింద నిజంగా ఉన్నది 2300 అడుగులే, సుమారు 700 మీటర్లు. తొమ్మిదితో గుణిస్తే 6 కిలోమీటర్ల పైచిలుకు దూరం, నిమిషానికి దాదాపు 750 అడుగుల చొప్పున దిగుతూ మూడు నిమిషాల సమయం. మామునూరు ఇంకా పాతిక కిలోమీటర్లకు పైనే ఉంది. అది లెక్కలోంచి పోయినట్టే.

మొదటి మూడు, నాలుగు సెకన్లు ఏమీ జరగవు. మనిషి మెదడు నమ్మడానికి తీసుకునే సమయం అది. ప్రొపెల్లర్ కూడా మోసం చేస్తుంది. ఎదురుగాలికి తిరుగుతూనే ఉంటుంది, లాగడం మాత్రం ఉండదు. తర్వాత చేయాల్సిన పని వేగాన్ని పట్టుకోవడం. అప్పటిదాకా గంటకు 200 కిలోమీటర్లతో పోతున్న విమానాన్ని ముక్కు కొద్దిగా ఎత్తి ఉంచితే అదనపు వేగం కాస్త ఎత్తుగా మారుతుంది. 68 నాట్లకు రాగానే ముక్కు దించి, ట్రిమ్ చక్రం తిప్పి అక్కడే నిలబెట్టాలి. ఇప్పుడు చెయ్యి వదిలినా విమానం అదే వేగంలో జారుతుంది. తలకు ఆలోచించే తీరిక దొరుకుతుంది.

ఆ వెంటనే పొలం చూసుకోవాలి. ముందుకే కాదు, పక్కకు, వెనక్కి కూడా. చాలాసార్లు అన్నిటికంటే మంచి జాగా సరిగ్గా కిందే ఉంటుంది, ముక్కు అడ్డం వచ్చి కనబడదు. గాలి ఎటు వీస్తోందో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. కొయ్యకాళ్లు కాల్చిన పొగ, ఇటుక బట్టీ పొగ, చెరువు మీద అలలు, గుడి మీద జెండా, ఏది కనిపిస్తే అది చెబుతుంది. రామగుండం వైపైతే ఎన్టీపీసీ చిమ్నీల పొగ ఇరవై కిలోమీటర్ల నుంచి దిక్కు చెబుతుంది. గాలికి ఎదురుగా దిగితే నేల తాకే వేగం అంత మేర తగ్గుతుంది.

పొలం ఖాయమయ్యాకే ఇంజిన్‌ను మళ్లీ లేపే ప్రయత్నం. ఇంధనం ట్యాంకు మార్చడం, పంపు వేయడం, ఇంధన మిశ్రమం చిక్కగా పెట్టడం, వేడిగాలి నాబ్ లాగడం, మాగ్నెటో తాళాన్ని ఎడమకు, కుడికి, మళ్లీ రెండింటికీ తిప్పి చూడడం. ఇదంతా కాగితంలో ఉంటుంది కానీ డ్యాష్‌బోర్డు మీద ఎడమ నుంచి కుడికి చెయ్యి పోయే వరసలో కంఠతా పట్టిస్తారు. తర్వాత రేడియో. మూడుసార్లు "మేడే", ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది, ఎంతమంది. ఏ కంట్రోలర్‌తోనూ సంబంధం లేకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5. రాడార్‌కు విమానం గుర్తును పంపే ట్రాన్స్‌పాండర్‌లో 7700 అంకె పెడితే రాడార్ తెర మీద ఆ విమానం ప్రత్యేకంగా కనబడుతుంది. మేడే అన్నది "సాయానికి రండి" అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. మే నెలతో దానికి సంబంధం లేదు.

రేడియో చివర్న ఎందుకన్నది చాలామంది అడిగే ప్రశ్న. కంట్రోలర్ విమానాన్ని పట్టుకుని ఆపలేడు. వెతికే బృందానికి చోటు చెప్పగలడు, అంతే. అందుకే శిక్షణలో ముందు నడుపు, తర్వాత దారి చూడు, ఆ తర్వాతే మాట్లాడు అని ఒకే వరసలో నూరిపోస్తారు.

వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి పొలం పక్కగా, కిటికీలోంచి కనిపించేలా ఉండాలి. ఇక్కడి నుంచి అంతా కంటి కొలతే. ఎత్తు ఎక్కువైతే ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) దించి, మెలికలు తిరిగి, విమానాన్ని పక్కకు వాల్చి జార్చి పోగొట్టుకోవచ్చు. తక్కువైతే తెచ్చుకునే మార్గం లేదు. కాబట్టి కొంచెం ఎక్కువ ఎత్తులోనే వస్తారు. పొలం అందుతుందని రూఢి అయ్యాక ఇంధనం, మాగ్నెటోలు ఆపేస్తారు. ఫ్లాప్స్ కరెంటుతో కదులుతాయి కాబట్టి వాటిని దించాకే మెయిన్ స్విచ్ ఆపుతారు. తలుపుల గొళ్ళాలు ముందే తీసి ఉంచుతారు, ఎందుకంటే దెబ్బకు చట్రం వంగితే తలుపు బిగుసుకుంటుంది.

చివరి లెక్క వేగానిదే. గుద్దుకునే శక్తి వేగానికి కాదు, వేగం వర్గానికి అనుపాతం. గంటకు 80 కిలోమీటర్లతో నేల తాకిన విమానం, మనిషి శరీరం తట్టుకోగలిగే స్థాయిలో, భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్ల కుదుపుతో ఆగడానికి 3 మీటర్లు చాలు. 160 కిలోమీటర్లయితే 11 మీటర్లకు పైగా కావాలి. అందుకే ముక్కు ఎత్తి, వీలైనంత నెమ్మదిగా, చివరిదాకా నడుపుతూనే నేల తాకించాలి. రెండు చెట్ల మధ్య నుంచి పోనిచ్చి రెక్కలను విరగనివ్వడం కూడా ఒక పద్ధతే. విరిగే ప్రతి భాగం కొంత శక్తిని మింగుతుంది. ఇంజిన్ ఆగిన క్షణం నుంచి విమానం ఇన్సూరెన్స్ కంపెనీది అని పైలట్లు చెప్పుకునే మాటలో ఉన్న అర్థం ఇదే. దాన్ని కాపాడాలన్న తాపత్రయం పనికిరాదు.

ఎగిరిన వెంటనే ఆగితే

పై కథ అంతా మూడు నిమిషాలు చేతిలో ఉన్నవాడిది. టేకాఫ్ తర్వాత 300 అడుగుల్లో ఆగితే ఉన్నది పాతిక సెకన్లు. వెనక కనిపించని రన్‌వే అప్పుడు అయస్కాంతంలా లాగుతుంది. దాన్ని వదిలి వచ్చి ఒక్క నిమిషం కూడా కాలేదు మరి.

తిరిగి వెళ్లడం ఎందుకు కుదరదో లెక్క చెబుతుంది. 65 నాట్ల వేగంలో విమానాన్ని 30 డిగ్రీలు వాల్చి తిప్పితే సగం చుట్టుకే 18 సెకన్లకు పైగా పడుతుంది. తిరిగేసరికి రన్‌వే గీతకు దాదాపు 400 మీటర్లు పక్కన తేలుతుంది. మళ్లీ ఆ గీత మీదికి రావాలంటే ఇంకా తిరగాలి, మళ్లీ ఇటు సరిచేయాలి. నిటారుగా వాల్చి చిన్న చుట్టు తిరుగుదామంటే రెక్కల మీద భారం పెరుగుతుంది. 45 డిగ్రీల వాలులో స్టాల్ అయ్యే వేగం 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలకు 41 శాతం. నేల దగ్గరపడుతుంటే భయంతో చెయ్యి ముక్కును పైకి లాగుతుంది. వాలి ఉన్న విమానం స్టాల్ అయితే ఒక రెక్క ముందు పడి గిరగిరా తిరుగుతుంది. ఆ ఎత్తులో దాన్ని సరిచేయడానికి చోటు లేదు.

కాబట్టి ఎగిరే ముందే, బ్రేకు మీద నిలబడి ఉండగానే పైలట్ పైకి చెప్పుకుంటాడు: ఇన్ని అడుగుల లోపు ఆగితే ఎదురుగానే దిగుతాను, మహా అయితే కొద్దిగా ఇటూ అటూ తిప్పుతాను. కంగారులో తీసుకోవాల్సిన నిర్ణయాన్ని తీరిగ్గా ఉన్నప్పుడే తీసి పెట్టుకోవడం ఇది.

ఉత్తర తెలంగాణకు ఈ దశతో ఒక చేదు జ్ఞాపకం ముడిపడి ఉంది. 2004 ఏప్రిల్ 17న కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన నటి సౌందర్య ఎక్కిన సెస్నా 180 బెంగళూరు జక్కూరులో ఎగిరిన కొద్దిసేపటికే కూలి, అందులోని నలుగురూ చనిపోయారు. కారణాల జోలికి పోకుండా చూసినా, అంత తక్కువ ఎత్తులో ఏ తేడా వచ్చినా పైలట్ చేతిలో ఉండే సమయం సెకన్లలోనే ఉంటుంది.

ఎండాకాలం దీన్ని ఇంకా బిగిస్తుంది. మే నెలలో 43 డిగ్రీల వేడికి గాలి పలచబడి, వరంగల్ రన్‌వే మీద విమానం 4500 అడుగుల కొండ మీద ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. ఎక్కువ దూరం పరుగెత్తాలి, తక్కువగా ఎక్కుతుంది.

ఏ నేల, ఏ నెల

విదేశీ శిక్షణ పుస్తకాలు చదునైన, పొడవైన, గాలికి ఎదురుగా ఉన్న మైదానం చూసుకోమంటాయి. అలాంటివి అక్కడ ఉంటాయి. ఇక్కడ రెండెకరాలకో ఒడ్డు, నాలుగెకరాలకో బోరు, బోరుకో ట్రాన్స్‌ఫార్మర్ లైను. పై నుంచి చదునుగా కనిపించే మడి కట్టులో ఒడ్లు అడ్డంగా ఉంటే, ఒక్కొక్కటీ చక్రాలకు గోడతో సమానం. ఒడ్డుకు అడ్డంగా కాకుండా వెంబడి దిగాలి, దున్నిన చెలకలో సాళ్ల వెంబడి దిగాలి. గాలి కొంత పక్కవాటుగా ఉన్నా సరే.

వానాకాలం నాట్లప్పుడు, జూలై నుంచి పొలాలన్నీ నీళ్లతో అద్దంలా ఉంటాయి. దమ్ము చేసిన బురదలో చక్రం దిగబడితే ముక్కు గుచ్చుకుని విమానం వెల్లకిలా పడుతుంది. బెల్టు బిగించి ఉంటే మనిషి బతకడానికి అవకాశం బాగానే ఉంది, కానీ తలకిందులుగా వేలాడుతూ బయటికి రావాలి. ఆదిలాబాద్ రేగడి వానకు అంతకంటే ఘోరం. అదే ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వరి కోసి, హార్వెస్టర్ పోయాక మిగిలిన కొయ్యకాళ్ల పొలం గట్టిగా, పొడిగా ఉంటుంది. ఈ ప్రాంతంలో దొరికే మంచి జాగాల్లో అదొకటి. ఎదిగిన మక్కచేను, కోతకొచ్చిన వరి కూడా మరీ చెడ్డవి కావు, పైరు బ్రేకులా పనిచేస్తుంది. పత్తి కట్టె ముదిరిన చేనులో మాత్రం కింద నేల ఎలా ఉందో కనబడదు. మిర్చి కల్లాలు ఫిబ్రవరి, మార్చిలో వరంగల్, ములుగు వైపు పై నుంచి ఎర్రటి దుప్పట్లలా కనిపిస్తాయి. చదునుగా, సాఫుగా ఉంటాయి. కానీ అక్కడ తప్పకుండా మనుషులుంటారు.

అసలు శత్రువు కరెంటు తీగ. ఆకాశం నుంచి తీగ కనబడదు, స్తంభాలే కనబడతాయి. స్తంభాలు కనబడేసరికి తప్పించుకునే ఎత్తు ఉండదు. ప్రతి రోడ్డు పక్కన, ప్రతి బోరు దగ్గర లైను ఉందనే అనుకుని జాగా ఎంచుకోవడం క్షేమం. రెండు స్తంభాల మధ్య తీగ వేలాడి ఉంటుంది కాబట్టి దాటక తప్పకపోతే స్తంభం నెత్తి మీదుగానే దాటాలి.

తీగల్లేని చోటు ఒకటుంది, దాని గురించి బయటివాళ్లకు తట్టదు. ఎండాకాలం ఎండిన చెరువు శిఖం. మే నెలలో చిన్న చెరువుల అడుగు పగుళ్లిచ్చి గట్టిపడి, స్తంభాలు, ఇళ్లు లేకుండా వందల మీటర్లు పరుచుకుని ఉంటుంది. పూడిక, మట్టి తవ్విన గుంతలు లేకపోతే దానికి మించిన జాగా లేదు. గుంతలుంటే దానికి మించిన వల లేదు. నిండిన చెరువు సంగతి వేరు. చక్రాలు కిందికి ఉండే చిన్న విమానం నీళ్లను తాకగానే తిరగబడే అవకాశం ఎక్కువ. పాకాల, లక్నవరం లాంటి చెరువుల్లో తప్పనిసరై దిగితే ఒడ్డుకు దగ్గరగా, ఈదగలిగే దూరంలో దిగాలి. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి మీదైతే పొడవు చెట్లు కాక పొట్టిగా, చిక్కగా ఉన్న కొమ్మల పైభాగాన్నే నేల అనుకుని, ముక్కు ఎత్తి అతి నెమ్మదిగా వాటిలోకి జారనిస్తారు.

రోడ్డు అందరికీ మొదట తట్టేది. హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి 163 పై నుంచి రన్‌వేలాగే కనిపిస్తుంది. డివైడర్, బోర్డులు, అడ్డంగా దాటే తీగలు, ఆగకుండా వచ్చే లారీలు, వడ్ల కాలంలో పక్క లేన్ల మీద ఆరబోసిన కుప్పలు, వాటి దగ్గర కూర్చున్న మనుషులు దగ్గరికొచ్చాకే కనిపిస్తారు. విమానంలో ఉన్నవాళ్ల ముప్పును రోడ్డు మీద ఉన్నవాళ్లకు అంటించినట్టవుతుంది.

రెండో ఇంజిన్, పారాచూట్

రెండు ఇంజిన్లుంటే బాధ లేదనుకోవడం చిన్న విమానాల విషయంలో సగమే నిజం. ఒక ఇంజిన్ ఆగితే శక్తి సగమే పోయినా, పైకి ఎక్కే సామర్థ్యం 80 శాతానికి పైగా పోతుంది. పైగా పనిచేస్తున్న ఇంజిన్ విమానాన్ని ఒక పక్కకు తిప్పేస్తుంది. వేగం ఒక హద్దు కంటే తగ్గితే ఆ తిప్పుడును తోక ఆపలేదు. హెలికాప్టర్‌కు జారుడు వేరే రకం. దిగుతుంటే కింది నుంచి వచ్చే గాలే రోటర్‌ను తిప్పుతుంది, ఆ తిరుగుడు శక్తిని నేల దగ్గర ఒక్కసారిగా వాడి దిగుతారు. సిరస్ విమానాల్లో విమానం మొత్తాన్ని మోసే పారాచూట్ ఉంటుంది. 1998లో ధ్రువీకరణ పొందిన ఎస్ఆర్20తో అది ప్రామాణిక పరికరంగా వచ్చింది. ఒడ్లు, తీగలు, గుట్టలు నిండిన మన లాంటి నేల మీద అది ఎక్కువ అక్కరకొస్తుంది, తెరుచుకునేంత ఎత్తుంటే.

ఊరివాళ్లు చేయాల్సింది

పొలంలో దిగిన విమానం దగ్గరికి మొదట చేరేది రైతులు, మేకల కాపరులే. ముందు నుంచి కాకుండా రెక్కల వెనక వైపు నుంచి వెళ్లాలి. ఆగి ఉన్న ప్రొపెల్లర్‌ను చేత్తో కదిపినా ఇంజిన్ ఒక్కసారి తిరగొచ్చు, ఎందుకంటే మాగ్నెటోకు బ్యాటరీ అక్కర్లేదు. రెక్కల్లో ఉండేది పెట్రోలే, బీడీ, అగ్గిపుల్ల దూరంగా ఉంచాలి. 112కో 108కో ఫోన్ చేసి ఊరి పేరు, దగ్గరి బండ్ల బాట చెప్పడం వీడియో తీయడం కంటే ముఖ్యం. మనుషులను బయటికి తీయడానికి ఏది కదిపినా తప్పు లేదు. ఆ తర్వాత మాత్రం రేకు ముక్క కూడా కదపకూడదు. విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ ఏఏఐబీ వచ్చి చూసేది అక్కడ పడి ఉన్న తీరునే. ఇంధనం వాల్వు ఏ స్థానంలో ఉంది, ప్రొపెల్లర్ రెక్కలు ఎటు వంగాయి అన్నదాన్ని బట్టే ఇంజిన్ అప్పుడు తిరుగుతోందా లేదా అన్నది చాలావరకు తేలుతుంది.

మామునూరులో ఆ అదనపు కిలోమీటరు

నక్కలపల్లి, గుంటూరుపల్లి వైపు భూసేకరణ మీద జరిగిన చర్చంతా పెద్ద విమానాల చుట్టూనే తిరిగింది. పొడవు పెంచేది వాటి కోసమే. చిన్న విమానానికి అంత అక్కర్లేదు, సెస్నా 172 చల్లని వేళ 300 మీటర్ల పరుగుతోనే లేచిపోతుంది. అయినా ఇంజిన్ ఆగిన లెక్కలో ఆ కిలోమీటరు దానికీ పనికొస్తుంది. 300 అడుగులు ఎక్కేసరికి అది మొదలైన చోటు నుంచి సుమారు 1.3 కిలోమీటర్లు వచ్చి ఉంటుంది. అక్కడ ఇంజిన్ ఆగితే ఇంకో 800 మీటర్లు జారుతుంది. 1.8 కిలోమీటర్ల రన్‌వే అయితే ఎత్తును గబగబా పోగొట్టుకోకపోతే చివర దాటి కంచె అవతల దిగుతుంది. 2.8 కిలోమీటర్లయితే రన్‌వే మీదే దిగి, ఆగడానికి ఇంకా 700 మీటర్లు మిగులుతుంది.

ఇది టేకాఫ్‌ను రన్‌వే మొదటి అంచు నుంచి మొదలుపెడితేనే. తొందరలో మధ్య దారి నుంచి రన్‌వే మీదికి ఎక్కి లేస్తే, వెనక వదిలేసినంత పొడవు ఉన్నా లేనట్టే. 500 అడుగులు దాటాక ఆగితే 2.8 కిలోమీటర్లు కూడా చాలవు. అప్పుడు కంచె అవతల ఉన్నది ఖాళీ చెలకా, కొత్తగా వెలిసిన వెంచరా అన్నదే మిగులుతుంది.